లెక్కలోకి రాని నీళ్లు

"సంతకం పెట్టనంటే పెట్టను."

ఆ మాట ఆమె ఆ ఉదయం నాలుగోసారి అనడం. మొదటిసారి అన్నప్పుడు మావగారు వినిపించుకోలేదు. రెండోసారి భర్త వినపడనట్టు నటించాడు. మూడోసారికి అత్తగారి చేతిలోని గిన్నె మూత కిందపడి ఇల్లంతా మోగింది. నాలుగోసారికి మాత్రం పెద్దాయన పళ్లెం పక్కకు నెట్టేసి తలెత్తి చూశాడు.

"ఎవరికి చెబుతున్నావమ్మా? మావయ్యకా, చైర్మన్‌కా?"

"ఇద్దరికీ, మావయ్యగారూ."

"మావయ్యకైతే ఇప్పుడు చెప్పు, వింటాను. చైర్మన్‌కైతే నాలుగు గంటలకు మీటింగులో చెప్పు."

"ఆ మీటింగు జరిగేదీ ఈ బల్ల దగ్గరే కదండీ."

అందులో అబద్ధమేం లేదు. ఆరువందల మంది పనిచేసే బ్యాటరీల ఫ్యాక్టరీకి బోర్డు రూమంటూ ఒకటుంటే అది ఆ ఇంటి భోజనాల బల్లే. మూడు నెలలకోసారి పళ్లాలు తీసి, తడిగుడ్డతో తుడిచి, పైన ఆకుపచ్చ బట్ట పరుస్తారు. పెద్దాయన చైర్మన్. ఆయన ఒక్కగానొక్క కొడుకు మేనేజింగ్ డైరెక్టరు. ఒక ఆడమనిషైనా ఉండాలని చట్టం చెప్పింది కాబట్టి అత్తగారు డైరెక్టరు. బయటివాడొకడు ఉండాలని అదే చట్టం చెప్పింది కాబట్టి అత్తగారి తమ్ముడు స్వతంత్ర డైరెక్టరు. అక్క కలిపిన కాఫీ తాగి, బావ చూపించిన చోట సంతకం పెట్టి వెళ్లడమే ఆయన స్వాతంత్ర్యం. ఐదో డైరెక్టరు ఈ కోడలు. పర్యావరణం, కార్మికుల ఆరోగ్యం చూసే కమిటీకి ఆమే అధిపతి. కమిటీలో ఆమె తప్ప ఇంకెవరూ లేరు.

"సీసం ప్లేట్ల సెక్షన్ మేస్త్రి కూతురు ఆస్పత్రి నుంచి నిన్న ఇంటికొచ్చింది," అంది కోడలు. "నాలుగేళ్ల పిల్ల. ఫ్యాక్టరీ గేటు కూడా చూసి ఎరగదు. దాని రక్తంలో సీసం ఉందని, ఫిట్స్ అందుకే వచ్చాయని పెద్ద డాక్టరు రాసిచ్చాడు. సీసం ఆ ఇంటికి తనంతట తాను నడిచి వెళ్లిందంటారా?"

"మన ఫ్యాక్టరీదేనని రుజువేంటి?" భర్త కాఫీ గ్లాసు కిందపెట్టాడు. "పాత ఇళ్ల గోడల రంగుల్లో ఉంటుంది. కుళాయి గొట్టాల్లో ఉంటుంది."

"వాళ్ల నాన్న చొక్కాలో ఉంటుంది."

అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, తడి చేతులు పమిటకు తుడుచుకుంటూ ఒకసారి కొడుకు వైపు, ఒకసారి కోడలి వైపు చూసింది.

"పొద్దున్నే ఈ గొడవలేంటి? తిననివ్వు వాళ్లని," అంది చివరికి.

పెద్దాయన మాత్రం తినలేదు. లేచి వెళ్లిపోయాడు.

*

మేడమీది గదిలో, పక్కనే స్కూలుకి తయారవుతున్న తమ పాపకు వినపడకుండా, భర్త తలుపు దగ్గరగా వేశాడు. కోపం వస్తే గొంతు తగ్గించడం అతనికి అలవాటు. పెళ్లయిన కొత్తల్లో అది మంచితనమనుకుంది ఆమె.

"ఒక్కటి అడుగుతాను, సూటిగా చెప్పు. ఫ్యాక్టరీలో లాండ్రీ మూయించింది ఎవరు?"

"నేనే."

"నీటి పొదుపు బహుమతి తీసుకుంది ఎవరు?"

"నేనే."

"మూడేళ్లు ఊరూరా తిరిగి, స్టేజీలెక్కి, మా కంపెనీ ఇన్ని లక్షల లీటర్ల నీళ్లు పొదుపు చేసిందని ఉపన్యాసాలిచ్చింది ఎవరు? అదీ నువ్వే. ఇప్పుడు నిజాయితీ కూడా నీదేనా? మిగతావాళ్లకి ఏమీ మిగల్చవా?"

అతను అన్న ప్రతి ముక్కా నిజం.

మూడేళ్ల కిందట ఈ కమిటీ అప్పగించినప్పుడు ఆమె చేసిన మొదటి పని నీటి మీటర్లు చూడటం. ఫ్యాక్టరీ వాడే నీళ్లలో మూడో వంతు ఒక్క లాండ్రీకే పోతోంది. షిఫ్టు దిగగానే కార్మికులు బూడిదరంగు చొక్కాలూ ప్యాంట్లూ అక్కడ విప్పి పడేస్తే, నలుగురు మనుషులు వాటిని ఉతికి మర్నాటికి ఇచ్చేవాళ్లు. దాన్ని మూసేస్తే నీళ్లు మిగులుతాయి, కరెంటు మిగులుతుంది, నలుగురి జీతం మిగులుతుంది. ఎవరి బట్టలు వాళ్లు ఇంట్లో ఉతుక్కుంటారు. బోర్డు ముందు పెడితే ఏడు నిమిషాల్లో ఆమోదించారు. వంటింట్లో భోజనం సిద్ధంగా ఉంది మరి. ఆ బట్టలు ఇళ్లకు వెళితే వాటి మీది సీసం ధూళి ఎక్కడికి వెళుతుందని ఒక్కరూ అడగలేదు. అడగడానికి అక్కడ బయటి మనిషంటూ ఉంటే కదా. ఆమె కూడా తనను తాను అడుక్కోలేదు. ఆమె లెక్క ఫ్యాక్టరీ ప్రహరీగోడ దగ్గర ఆగిపోయింది. ఆరువందల ఇళ్లలో బకెట్లకు బకెట్లు పోసిన నీళ్లు ఏ లెక్కలోకీ రాలేదు.

ఏటా కంపెనీ వేసే ఆ నివేదికకు ఇంట్లో అందరూ పెట్టుకున్న పేరు పచ్చ పుస్తకం. అట్ట మీద ఆకు బొమ్మ ఉంటుంది. ఆ పుస్తకం చూసి బ్యాంకు తక్కువ వడ్డీకి అప్పిచ్చింది. ఆ పుస్తకం చూసే విదేశీ కార్ల కంపెనీ తలుపు తట్టింది. మూడేళ్లలో వ్యాపారం రెట్టింపైంది. ఇప్పుడు అదే కార్ల కంపెనీ ఐదేళ్ల ఒప్పందం రాసుకోవడానికి సిద్ధపడి, ఈ ఏటి పుస్తకం ఎల్లుండికల్లా పంపమంది. పుస్తకం చివర సంతకం కమిటీ అధిపతిది.

"నేను చేసింది తప్పు కాబట్టే నేనే చెప్పాలంటున్నాను," అంది.

"చెప్పు. ఒప్పందం పోతుంది. రెండో షిఫ్టు ఎత్తేస్తాం. మూడువందల మంది ఇంటికెళతారు. ఆ మేస్త్రి కూడా అందులోనే ఉంటాడు. అప్పుడెళ్లి అతని పెళ్లానికి చెప్పు, నీ మంచికే చేశానని."

"ఆ మాట మీరు భయపెట్టడానికంటున్నారా, నిజంగానే అంటున్నారా?"

అతను బూడిదరంగు చొక్కా తొడుక్కున్నాడు. యజమాని కొడుకై ఉండి కార్మికులు వేసుకునే చొక్కాయే వేసుకుంటాడని అతనికి ఫ్యాక్టరీలో మంచి పేరు. ఆ పేరంటే అతనికి ప్రాణం.

*

ఫ్యాక్టరీ వెనక వీధిలో మేస్త్రి ఇల్లు రెండు గదులు. మధ్యాహ్నం ఆమె వెళ్లేసరికి మేస్త్రి భార్య వాకిట్లో పీట మీద కూర్చుని బట్టలు రుద్దుతోంది. బకెట్‌లో నీళ్లు బూడిదరంగుకు తిరిగాయి. పిల్ల గుమ్మం లోపల పడుకుని ఉంది, కళ్లు తెరిచే ఉంది.

"ఇంకా ఇక్కడే ఉతుకుతున్నావా?" అంది కోడలు, ఆపుకోలేక.

"మరెక్కడ ఉతకను మేడమ్? రేపు డ్యూటీకి చొక్కా కావాలి. మాసిన బట్టలతో వస్తే గేటు దగ్గర పేరు రాసుకుంటున్నారు." చేతిలోని చొక్కా పిండుతూనే అంది మేస్త్రి భార్య. "సబ్బు పొడి మీ కంపెనీదే. నెలకో ప్యాకెట్టు ఇస్తున్నారుగా, ఆకు బొమ్మ వేసి."

కోడలు ఆ పక్కనే గచ్చు మీద కూర్చుంది. చీర తడుస్తుందని మేస్త్రి భార్య పీట జరపబోయింది. వద్దంది.

"పాపకి ఎలా ఉంది?"

"ఫిట్సు మళ్లీ రాలేదు. మాట మాత్రం తగ్గిపోయింది. ఇదివరకు నోరు మూసేది కాదు. తిట్టి మరీ ఊరుకోబెట్టేదాన్ని." ఆమె చేతులు ఆగాయి. "డాక్టరు అడిగాడు, బట్టలు ఎవరు ఉతుకుతారు, ఎక్కడ ఉతుకుతారు అని. నేనే సార్ అన్నాను. పిల్ల పక్కనే కూర్చుని ఆడుకునేది. నురగ అంటే దానికి సరదా."

గుమ్మం లోపల పిల్ల పక్కకు తిరిగి పడుకుంది.

"మేడమ్, ఒకటి అడగనా? ఏమీ అనుకోరు కదా. అదివరకు ఫ్యాక్టరీలోనే ఉతికేవాళ్లు. అది ఎందుకు మూసేశారు? మా ఆయన్ని అడిగితే పైవాళ్ల నిర్ణయం అన్నాడు. పైవాళ్లంటే ఎవరు?"

కావాలంటే బోర్డు అనవచ్చు. కంపెనీ అనవచ్చు. అలాంటి మాటలు పచ్చ పుస్తకం నిండా ఉన్నాయి.

"నేనే మూయించాను."

మేస్త్రి భార్య ఆమె ముఖంలోకి చూసింది. తిడుతుందేమో అనుకుంది కోడలు. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

"మీకు తెలియక చేసుంటారు," అంది మేస్త్రి భార్య. ఆ మాటలో క్షమించడం లేదు. యజమానితో మాట్లాడుతున్నాననే జాగ్రత్త ఒక్కటే ఉంది. తర్వాత వంగి మళ్లీ చొక్కా అందుకుంది.

చుట్టుపక్కల ఇళ్ల ఆడవాళ్లు అప్పటికే నలుగురైదుగురు మూగారు. సాయంత్రం పిల్లల్ని తీసుకుని ఫ్యాక్టరీ ఆస్పత్రికి రండి, నర్సు రక్తం తీసి పరీక్షకు పంపుతుంది అని కోడలు వాళ్లకు చెప్పింది.

"మా పిల్లలు బానే ఉన్నారండీ," అంది వాళ్లలో పెద్దావిడ. "ఊరికే లేనిపోనివి బయటపడితే మావాళ్ల ఉద్యోగాలకే ఎసరు."

*

నాలుగింటికి సెక్షన్ల మావయ్య వచ్చాడు. అత్తగారి తమ్ముణ్ని ఇంట్లో అందరూ చాటుగా అలాగే అంటారు. వకీలుగా నాలుగు రాళ్లు సంపాదించాడో లేదో గానీ, టీలో చక్కెర తక్కువైనా ఏదో ఒక సెక్షన్ చెప్పకుండా ఉండడు. మీటింగుకు ముందే మినిట్స్ టైపు చేయించి తీసుకురావడం ఆయన పద్ధతి. ఏం మాట్లాడుకోబోతున్నారో, ఏం తీర్మానించబోతున్నారో అన్నీ అందులో ఉంటాయి. చేయాల్సిందల్లా పెన్సిలుతో గుర్తు పెట్టిన చోట సంతకాలు.

బల్ల మీద ఆకుపచ్చ బట్ట పరిచారు. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాడు.

"కమిటీ సమర్పించిన నివేదికను సభ్యులు సుదీర్ఘంగా చర్చించి, ఏకగ్రీవంగా ఆమోదించారు."

"మనం ఇంకా నోరు తెరవలేదు కదా బాబాయిగారూ," అంది కోడలు.

"తెరిచినా చివరికి అయ్యేది ఇదేగా తల్లీ."

"కాదండీ. రెండేళ్ల కిందట కూడా మీరు ఇలాగే రాశారు. మన ఫ్యాక్టరీకి వారానికోసారి వచ్చే డాక్టరుగారు కమిటీకి ఉత్తరం రాశారు, ఈ బట్టలు ఇళ్లకు పంపడం మంచిది కాదని. అది నాకు బహుమతి ఇచ్చిన రోజు వచ్చింది. నేను విప్పి చూడలేదు. నిన్న ఫైల్లో దొరికింది. ఆ నెల మినిట్స్‌లో మాత్రం 'చర్చించి తగిన చర్య తీసుకోబడినది' అని ఉంది. ఎవరు చర్చించారు? ఏం చర్య తీసుకున్నారు?"

సెక్షన్ల మావయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అది మామూలుగా రాసే వాక్యం. అన్ని కంపెనీల్లోనూ రాస్తారు."

పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. "సరేనమ్మా. లాండ్రీ తెరిపిద్దాం. వచ్చే నెల నుంచే. చాలా?"

"రేపటి నుంచి తెరవాలి. ఆరువందల ఇళ్లలోనూ పిల్లలకి పరీక్షలు చేయించాలి. జరిగింది పుస్తకంలో రాయాలి."

"మొదటిది చేస్తాను. మిగతా రెండూ కుదరవు." ఆయన గొంతులో కోపం లేదు. లెక్క సరిచూసుకున్న మనిషి నిదానం ఉంది. "వెతికితే దొరుకుతుంది. దొరికితే రాయాలి. రాస్తే కార్ల కంపెనీ గుమ్మం తొక్కదు. ఈ పుస్తకం చూసే కదా వాళ్లు వచ్చింది?"

"రేపు వాళ్లంతట వాళ్లే తెలుసుకుంటే, మావయ్యగారూ? మనం చెబితే అది తప్పు. వాళ్లు కనిపెడితే మోసం. తప్పు దిద్దుకోవడానికి గడువిస్తారు. మోసానికి ఎవరిస్తారు? అప్పుడు ఐదేళ్ల ఒప్పందం మాట అటుంచండి, ఉన్న పనీ పోతుంది."

"మూడేళ్లలో ఎవడైనా కనిపెట్టాడా?"

"అడిగేవాణ్ని ఎవణ్నైనా ఈ బల్ల దగ్గర కూర్చోనిచ్చామా?"

సెక్షన్ల మావయ్య కాగితాల్లో ఏదో వెతుక్కున్నాడు. భర్త గోడ వైపు చూస్తున్నాడు. గోడకు నీటి పొదుపు బహుమతి వేలాడుతోంది, రోజూ తుడుస్తారు కాబట్టి ధగధగా మెరుస్తూ.

"ఇక చాలు," అన్నాడు పెద్దాయన. "కోడలికి సంతకం ఇష్టం లేకపోతే బలవంతం లేదు. కమిటీ అబ్బాయి చూసుకుంటాడు. వాడు పెడతాడు. మినిట్స్‌లో మార్చవోయ్. అక్కయ్యకి ఇవ్వు, గుర్తు పెట్టిన చోట సంతకం చేస్తుంది."

కాగితం అత్తగారి ముందుకొచ్చింది. పన్నెండేళ్లుగా ఆవిడ ఆ బల్ల దగ్గర డైరెక్టరు. పన్నెండేళ్లలో ఆవిడ అడిగిన ప్రశ్న ఒక్కటే, ఇంకొంచెం కాఫీ పొయ్యనా అని. ఆవిడ పెన్ను తీసుకుంది. మళ్లీ కింద పెట్టింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఇది చదువు."

"ఏంటక్కా?"

"నేను దేనికి సంతకం పెడుతున్నానో చదువు. నాకు అర్థమయ్యేలా చదువు."

ఆయన బావ వైపు చూశాడు. బావ కళ్లతోనే కానివ్వమన్నాడు. సెక్షన్ల మావయ్య గొంతు సవరించుకుని, పుస్తకంలో ఏముందో నాలుగు ముక్కల్లో చెప్పాడు. నీళ్లు మిగిల్చాం. కార్మికులంతా ఆరోగ్యంగా ఉన్నారు. వాళ్ల కుటుంబాలు సంతోషంగా ఉన్నాయి.

"వీడి చొక్కాలు ఎవరు ఉతుకుతున్నారు?" అందావిడ, కొడుకు వైపు గడ్డం చూపిస్తూ.

మళ్లీ ఆవిడే అందుకుంది.

"నేనే. మన ఇంట్లోనే. మిషన్లో, పాప గౌన్లతో కలిపి వేస్తున్నాను. సగం మిషన్ తిప్పితే నీళ్లు దండగ అత్తయ్యా, నిండేదాకా ఆగి వేద్దాం అంది మీ కోడలు. అలాగే వేస్తున్నాను, మూడేళ్లుగా." ఆవిడ ముందున్న కాగితం పక్కకు నెట్టింది. "రోజూ సాయంత్రం వీడు ఆ చొక్కాతోనే వస్తాడు. పాప పరిగెత్తుకెళ్లి మెడకి వేలాడుతుంది. మూడు నెలల నుంచి కడుపునొప్పి కడుపునొప్పి అంటోంది. స్కూలు ఎగ్గొట్టడానికి వేషాలనుకుని కసిరాను."

రాత్రింబవళ్లూ ఆరువందల ఇళ్లు, ఆరువందల ఇళ్లు అనుకుంటూ వచ్చిన మనిషికి ఆరువందల ఒకటో ఇల్లు తనదని ఒక్కసారి కూడా తట్టలేదు. ఏం తల్లి తను? ఎంత చదువు చదివి ఏం లాభం?

భర్త ఏదో అనబోయాడు. పెద్దాయనే ముందు తేరుకున్నాడు.

"రేపు పొద్దున్నే పాపని పెద్ద డాక్టరుకి చూపిద్దాం. అది ఇంటి సంగతి. ఇది కంపెనీ సంగతి. రెండూ కలపొద్దు. పుస్తకం ఇలాగే పంపడానికి ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి."

ఆయన ఎత్తాడు. సెక్షన్ల మావయ్య ఎత్తాడు. అత్తగారు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, "నేను ఎత్తను," అంది. కోడలు ఎత్తలేదు. ఇద్దరికిద్దరు.

మిగిలింది ఒక్కడే. కోడలు భర్త వైపు చూసింది. బతిమాలలేదు, బెదిరించలేదు. పాప గురించి విన్న తర్వాత ఇక అడగాల్సిన పని లేదనుకుంది. అతను తండ్రి వైపు చూశాడు. బల్ల మీది ఆకుపచ్చ బట్ట వైపు చూశాడు. తర్వాత, బరువైనదేదో మోస్తున్నట్టు, మెల్లగా చెయ్యెత్తాడు.

"అయితే ఏకగ్రీవం కాదు, మెజారిటీ," అన్నాడు సెక్షన్ల మావయ్య విసుగ్గా. "మళ్లీ టైపు చేయించాలి."

*

మీటింగు అయ్యాక ఆమె పాపకు చెప్పులు తొడుగుతుంటే భర్త గదిలోకి వచ్చాడు.

"ఎక్కడికి?"

"పరీక్షకి. రేపటిదాకా ఆగలేను."

"నేనూ అదే అనుకుంటున్నాను." అతను దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "పక్క ఊళ్లో నాకు తెలిసిన ల్యాబ్ ఉంది. ఫోన్ చేశాను. వేరే పేరు రాయిద్దాం. ఇంటి పేరు బయటికి రాకుండా. ఒప్పందం అయిపోయేదాకానే."

ఆమె పాప చెప్పు పట్టీ బిగించడం ఆపి తలెత్తింది. ఇతనితో పదేళ్లు కాపురం చేసింది. ఇతని మంచితనాన్ని నలుగురిలో చెప్పుకుంది.

"కన్నకూతురికి దొంగ పేరు పెడతారా?"

"దాని మంచికే."

"మేస్త్రి పెళ్లానికి చెప్పమన్న మాట కూడా ఇదే కదా పొద్దున."

అతను ముఖం తిప్పుకున్నాడు. రెండో షిఫ్టు మొదలవుతోందని, ప్లేట్ల సెక్షన్లో పనుందని గొణిగి, గబగబా మెట్లు దిగి వెళ్లిపోయాడు. కారు గేటు దాటే చప్పుడు వినిపించింది. ఆమె పాప చెయ్యి పట్టుకుని ఫ్యాక్టరీకే బయల్దేరింది.

ఫ్యాక్టరీ ఆస్పత్రి అంటే గేటు పక్కన ఒక గది, ఒక వరండా. షిఫ్టు మారే వేళకు దగ్గుకో జ్వరానికో మందు కోసం ఆడవాళ్లు వస్తారు. ఆరోజు బెంచీ మీద ఐదారుగురున్నారు. మధ్యాహ్నం మాట్లాడిన పెద్దావిడ కూడా ఉంది, చంకలో మనవడితో. యజమాని కోడలు రావడం చూసి అందరూ లేవబోయారు.

"పిల్లలకి రక్తం తీయమని నాకు ఆర్డరు లేదు మేడమ్," అంది నర్సు.

"తీయొద్దని ఆర్డరుందా?"

"లేదు."

"అయితే తీయండి."

నర్సు రిజిస్టరు తెరిచి తటపటాయించింది. "ఇందులో రాస్తే కొట్టేయడం కుదరదు మేడమ్. పేజీలకి నంబర్లుంటాయి. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరు వచ్చి చూస్తాడు."

"తెలుసు. అసలు పేరే రాయండి. తండ్రి ఎవరో కూడా రాయండి."

నర్సు రాసింది. సూది గుచ్చినప్పుడు పాప పెదవి బిగబట్టి ఏడవకుండా ఆపుకుంది. బెంచీ మీది ఆడవాళ్లు చూస్తూనే ఉన్నారు గానీ ఎవరి ముఖంలోనూ నమ్మకం లేదు. డబ్బున్నవాళ్లు పిల్లలకి ఏవేవో పరీక్షలు చేయిస్తూనే ఉంటారు, మనకెందుకన్నట్టు కూర్చున్నారు.

అప్పుడే వరండా ముందు అడుగుల చప్పుడు. గేటు మనిషి ఫోన్ చేసి చెప్పి ఉంటాడు. భర్త ప్లేట్ల సెక్షన్ నుంచి నేరుగా, ఆయాసపడుతూ వచ్చాడు. ఒంటి మీద బూడిదరంగు చొక్కా, భుజాల మీద, చేతుల మీద సన్నటి ధూళి.

"నాన్నా," అంటూ పాప కుర్చీలోంచి దిగి పరిగెత్తింది. చేతి మీద దూది అలాగే ఉంది. రోజూ సాయంత్రం చేసే పనే అది.

అతను రెండడుగులు వెనక్కి వేశాడు. రెండు చేతులూ ముందుకు చాపి అడ్డం పెట్టాడు.

"ఆగు. దగ్గరికి రాకు. నన్ను ముట్టుకోవద్దు."

పాప అక్కడే ఆగిపోయింది. నాన్న ఎప్పుడూ అలా అనలేదు. ఏం తప్పు చేశానోనని తల్లి వైపు చూసింది. బెంచీ మీది ఆడవాళ్లంతా అతని ముఖం వైపు చూడటం మానేసి, అతని చొక్కా వైపే చూస్తున్నారు. అలాంటి చొక్కాలు వాళ్ల ఇళ్లలో రెండేసి ఉన్నాయి.

"అయితే నిజమేనన్నమాట," అంది పెద్దావిడ.

ఆ మాట ఎవరితోనూ అన్నట్టు లేదు. అతను చేతులు దించలేదు. గంటన్నర కిందట భోజనాల బల్ల దగ్గర ఎత్తిన చెయ్యి కూడా వాటిలో ఒకటి.

పెద్దావిడ చంకలోని మనవణ్ని నర్సు ముందు కుర్చీలో కూర్చోబెట్టి, చొక్కా చెయ్యి పైకి మడిచింది. ఆవిడ పక్కనున్న ఇద్దరు లేచి, మిగతావాళ్లని పిలుచుకొస్తామని వీధిలోకి పరుగుతీశారు. నర్సు అలమారా తెరిచి సూదులు లెక్కపెట్టింది. పద్నాలుగు ఉన్నాయి.